ఈ నెల ఆరోగ్య పాఠము: సర్కారు బడిలో నీరు, పొగ, చెత్త, నీడ



ఒక వానాకాలంలో ఒకే వారంలో మన ఓ.పి.కి నలుగురు పిల్లలు జ్వరంతో వచ్చారు. నలుగురూ ఒకే బడి పిల్లలు. రక్త పరీక్ష చేస్తే ఇద్దరికి డెంగీ అని తేలింది. తల్లులు ఆశ్చర్యపోయారు. ఒక తల్లి, “మా ఇంట్ల దోమతెర ఉన్నదమ్మా, పొద్దుగూకంగనే తలుపులు ఏస్తం, మరి ఎట్ల వచ్చింది?” అని అడిగింది. మంచి ప్రశ్న. డెంగీని మోసే దోమ రాత్రి కుట్టేది కాదు. అది పగటి దోమ. పగలు పిల్లవాడు ఎక్కడ ఉంటాడు? బడిలో.

మరుసటి రోజు మేము ఆ బడికి వెళ్లాము. బడి పేరు ఇక్కడ అవసరం లేదు, అది ఏ బడి అయినా కావచ్చు. గేటు లోపల అడుగు పెట్టగానే చక్కని తోట కనబడింది. పాత లారీ టైర్లకు ఎరుపు, పసుపు, నీలం రంగులు వేసి సగం భూమిలో పాతి, మొక్కల చుట్టూ అందంగా పేర్చారు. పచ్చదనం బాగుందని చూసినవారంతా మెచ్చుకున్నారట. ఆ టైర్ల గుంతల్లో వాన నీళ్లు నిలిచి, వేలితో కదిలిస్తే దోమ పిల్లలు మెలికలు తిరుగుతూ కిందికి పోయాయి. హెడ్మాస్టరు గారు మంచివారు, ఆయన ముఖం చిన్నబోయింది. పిల్లల చేతనే అప్పటికప్పుడు నీళ్లు పారబోయించారు. తరువాత ప్రతి టైరుకు కింద రంధ్రాలు చేయించి, లోపల మట్టి నింపించారు.

ఈ నెల పాఠాన్ని ఈ సంగతితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. “పర్యావరణానికి మేలు చేసే బడి” అనగానే మనకు జూలై నెలలో మొక్క పట్టుకొని దిగిన ఫోటో గుర్తుకు వస్తుంది. మొక్క మంచిదే. కాని బడి పచ్చగా కనబడటం వేరు, బడి శుభ్రంగా, పొదుపుగా, పిల్లల ఒంటికి హాని లేకుండా నడవడం వేరు. రెండవది ఫోటోలో పడదు. నీళ్ల ట్యాంకు మూత, వంట గది పొగ, చెత్త కుప్ప, మరుగుదొడ్డి తలుపు గడియ, వీటి దగ్గరే అసలు పని ఉంది.

మనలో కొందరు, “మా పిల్లలు ప్రైవేటు బడికి పోతారు, ఇది మాకెందుకు?” అనుకోవచ్చు. దోమకు ప్రహరీ గోడ తెలియదు. బడి వెనుక ప్లాస్టిక్ తగలబెడితే ఆ పొగ మన ఇంటి కిటికీలోనే దూరుతుంది. పైగా సర్కారు బడిలో చదివేవారు ఎక్కువగా కూలీల పిల్లలు. పాలమూరు వలస అంటే ఏమిటో మన ప్రాంతానికి ఒకరు చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులు పనికి దూరం పోతే అవ్వ దగ్గర ఉండి చదువుకునే పిల్లలు వీరు. జ్వరం వస్తే ఆసుపత్రికి తెచ్చేవారు కూడా ఇంట్లో ఉండరు.

ప్రభుత్వం చేసినది, మిగిలినది

సుప్రీంకోర్టు 1991లోనే ఎం.సి. మెహతా కేసులో పర్యావరణాన్ని పాఠంగా చెప్పాలని ఆదేశించింది. 2001-02లో కేంద్ర ప్రభుత్వం నేషనల్ గ్రీన్ కోర్ పేరుతో బడులలో ఎకో క్లబ్బులు ప్రారంభించింది. 2012లో ప్రతి బడిలో తాగునీరు, మరుగుదొడ్లు ఉండాలని, ఆడపిల్లలకు వేరుగా ఉండాలని సుప్రీంకోర్టు మళ్లీ చెప్పవలసి వచ్చింది. అంటే పుస్తకంలో పాఠం ముందు వచ్చింది, దొడ్డి తరువాత వచ్చింది.

మన జిల్లాకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది. “మన ఊరు – మన బడి” కార్యక్రమాన్ని 2022 మార్చి 8న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మన వనపర్తిలోనే ప్రారంభించారు. రాష్ట్రంలో 26,065 ప్రభుత్వ బడులను 7,289 కోట్ల రూపాయలతో బాగుచేయాలని, మొదటి విడతలో 9,123 బడులు తీసుకోవాలని అనుకున్నారు. పన్నెండు రకాల పనులు. నీళ్లు వచ్చే మరుగుదొడ్లు, తాగునీరు, కరెంటు, వంట గది, ప్రహరీ గోడ, మరమ్మతులు అందులో ఉన్నాయి. కొన్ని బడులు నిజంగా మారాయి. మరికొన్నింట పనులు సగంలో ఆగాయి. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల సభ్యులు, బడి హెడ్మాస్టరు కలిసి తాగునీరు, మరుగుదొడ్లు, చిన్న మరమ్మతుల పనులు చేయించే ఏర్పాటు ఇది. మన సంఘాలలోని స్త్రీలు చాలామంది పొదుపు సంఘాలలో ఉన్నవారే గనుక, ఈ పాఠం మొదట వారి కోసం రాస్తున్నాము.

నీరు

పిల్లల ఆరోగ్యం ఎక్కువగా నీటి దగ్గరే తేలుతుంది గనుక దీనిని కొంచెం వివరంగా చూద్దాము.

మిషన్ భగీరథ 2016లో మొదలైన తరువాత కృష్ణా, గోదావరి నీళ్లు శుద్ధి అయి ఊళ్లకు వస్తున్నాయి. దీని వలన పెద్ద మేలు జరిగింది. పాత బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న చోట పిల్లల పళ్లపై గోధుమ మచ్చలు ఏర్పడేవి. పళ్లు తయారయ్యే వయసు, అంటే పుట్టినప్పటి నుండి సుమారు ఎనిమిదేళ్ల వరకు తాగిన నీటిని బట్టి ఈ మచ్చలు వస్తాయి. తరువాత ఎంత తోమినా పోవు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చునని, వేరే దిక్కు లేని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చునని మన దేశపు ప్రమాణం చెబుతుంది. నల్లా నీరు రాని రోజున బడిలో మళ్లీ పాత బోరు వేస్తున్నారా అన్నది తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్న.

అయితే నీరు శుద్ధిగా బయలుదేరినా, బడి కప్పు మీది ట్యాంకులో చెడుతుంది. మూత పగిలిన ట్యాంకులో ఆకులు, పక్షి రెట్టలు, దోమ గుడ్లు పడతాయి. నెలకొకసారి ట్యాంకును ఖాళీ చేసి, బ్రష్షుతో రుద్ది, కడిగి నింపాలి. నింపిన తరువాత వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరును చిన్న బకెట్టులో కలిపి, సున్నం తేటపడ్డాక పై తేట నీటిని మాత్రమే ట్యాంకులో పోయాలి. గంట ఆగి వాడుకోవచ్చు. డబ్బా మూత తీసి నెలలు గడిచిన పౌడరులో బలం ఉండదు. ఘాటు వాసన రాని పౌడరును పారేయడమే మేలు.

ఇక వాన నీరు. మన ఉమ్మడి పాలమూరులో ఏడాదికి అటూ ఇటూగా 600 మిల్లీమీటర్ల వాన పడుతుంది. తక్కువే. కాని లెక్క చూడండి. వరండాతో కలిపి రెండు తరగతి గదుల కప్పు సుమారు 100 చదరపు మీటర్లు. దాని మీద ఏడాదిలో పడే నీరు 60,000 లీటర్లు. ఆవిరై, చింది, ఐదో వంతు పోయినా 48,000 లీటర్లు మిగులుతాయి. 120 మంది పిల్లలున్న బడిలో చేతులు, పళ్లేలు కడగడానికి, దొడ్లలో పోయడానికి మనిషికి రోజుకు ఐదు లీటర్లు వేసుకుంటే ఇది ఎనభై పనిదినాల నీరు. అంతా పట్టి నిల్వ చేయడం ఖర్చుతో కూడిన పని. కనీసం కప్పు గొట్టాన్ని బోరు పక్కన తవ్విన ఇంకుడు గుంతకు కలిపితే ఆ నీరు భూమిలోకైనా దిగుతుంది. పిల్లలను ఈ లెక్క బోర్డు మీద వేయమనండి. మంచి గణిత పాఠం అవుతుంది.

మన ఘణపూర్ వారికి ఇది కొత్త విద్య ఏమీ కాదు. కాకతీయ గణపతిదేవుని కాలంలో, ఇప్పటికి ఎనిమిది వందల ఏళ్ల నాడు, గోన గణపరెడ్డి పేరుతో ముడిపడిన ఈ ఖిల్లా కింద గుట్టల నీటిని ఆపి గణపసముద్రం కట్టారు. గుట్ట మీద పడిన చుక్కను వదలని ఊరిలో, బడి కప్పు మీద పడిన నీరు గేటు దాటి రోడ్డు మీద బురద అవుతున్నది.

వాడిన నీరు కూడా నీరే. మధ్యాహ్న భోజనం తరువాత పిల్లలు పళ్లేలు కడిగే చోట చూడండి. ఎప్పుడూ నల్లని మడుగు, మెతుకులు, ఈగలు, పందులు. అదే నీటిని చిన్న కాలువ తీసి, గులకరాళ్లు, ఇసుక నింపిన గుంత గుండా పంపి పాదులకు మళ్లిస్తే మడుగు పోతుంది, తోట వస్తుంది. ఆకుకూర మడికి ఎండలో చదరపు మీటరుకు రోజుకు ఐదు లీటర్లు చాలు. పిల్లవాడికి రెండు లీటర్ల కడుగుడు నీరు వేసుకున్నా 120 మంది బడిలో నలభై ఎనిమిది చదరపు మీటర్ల మడి పండుతుంది. కాని సబ్బు పొడి ఎక్కువగా వాడిన నీటిని ఆకుకూరలకు పెట్టవద్దు, అరటికి, మునగకు పెట్టండి. ఆకుకూరలను ఎలాగూ బాగా కడిగి, ఉడికించే తినాలి.

మునగ అని ఊరికే చెప్పలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుండి ఐదేళ్ల లోపు పిల్లలలో 70 శాతం మందికి, స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. బడిలో వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర, ఏటా ఇచ్చే నులిపురుగుల మాత్ర మానవద్దు. వాటికి తోడు పప్పులో గుప్పెడు మునగాకు పడితే మంచిది. 2019లో కేంద్ర ప్రభుత్వమే బడులలో పెరటి తోటలకు మార్గదర్శకాలు ఇచ్చింది. స్థలం లేని బడిలో పాత బకెట్లలోనైనా కొత్తిమీర, పాలకూర వస్తుంది.

నులిపురుగుల మాట వచ్చింది గనుక చేతుల సంగతి కూడా. సబ్బుతో చేతులు కడుక్కునే అలవాటు నేర్పితే పిల్లల విరేచనాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయని అనేక పరిశోధనలను కలిపి చూసినవారు తేల్చారు. సబ్బు మాయమవుతుందని సార్లు చెబుతారు. నిజమే. పాత చీర ముక్కలో సబ్బును మూటకట్టి నల్లాకు వేలాడదీయండి, ఎవరూ ఎత్తుకుపోరు. నల్లాను సగమే తిప్పడం నేర్పితే నీరూ మిగులుతుంది.

చెప్పుకోలేని బాధ

ఎనిమిదో తరగతి ఆడపిల్లను తల్లి తీసుకొని వచ్చింది. మూత్రంలో మంట, నడుము నొప్పి, జ్వరం. ఏడాదిలో మూడోసారి. డాక్టరమ్మ మందు రాసి, “రోజుకు ఎన్ని నీళ్లు తాగుతావు తల్లీ?” అని అడిగారు. పిల్ల తల వంచుకుంది. తల్లి చెప్పింది, “బడిల దొడ్డికి గడియ లేదమ్మా. నీళ్లు రావు. అందుకే పొద్దుగాల సందే నీళ్లు ముట్టదు. ఇంటికొచ్చినంకనే తాగుతది.”

ఉదయం తొమ్మిది నుండి సాయంత్రం నాలుగున్నర దాకా నీళ్లు తాగని పిల్లకు, మూత్రం ఆపుకునే పిల్లకు ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ రాక ఏమవుతుంది? మందు బిళ్ల వారానికి పనిచేస్తుంది. గడియ పదేళ్లు పనిచేస్తుంది. ఆ గడియ ఖర్చు ఆ అమ్మాయి ఒకసారి వాడిన మందుల కంటే తక్కువ.

నెలసరి రోజులలో ఇది ఇంకా కష్టం. వాడిన ప్యాడ్లు పడేయడానికి మూత ఉన్న డబ్బా లేకపోతే వాటిని దొడ్డిలోనే వేస్తారు, గొట్టం పూడుకుపోతుంది, దొడ్డి మూతపడుతుంది. తరువాత ఆడపిల్లలు ఆ మూడు రోజులు బడి మానేస్తారు. కాగితంలో చుట్టి మూత డబ్బాలో వేయించి, పంచాయతీ చెత్త బండికి వేరుగా ఇవ్వడం మంచి పద్ధతి. బడి వెనుక బహిరంగంగా కాల్చడం మంచిది కాదు, వాటిలో ప్లాస్టిక్ ఉంటుంది. ఉతికి వాడే శుభ్రమైన గుడ్డ కూడా మంచిదే. కాని సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయాలి. సిగ్గుతో మంచం కింద, నీడలో ఆరవేసిన గుడ్డ వలననే జబ్బులు వస్తాయి. ఈ సంగతి ఇంట్లో తల్లి చెప్పవలసినదే గాని, బడిలో ఒక మేడం చెబితే పిల్లలకు ధైర్యం వస్తుంది.

పొగ

మన ఓ.పి.కి ఆయాసంతో వచ్చే నడివయసు స్త్రీలను “బీడీ తాగుతారా?” అని అడిగితే నవ్వుతారు. “వంట చేస్తరా?” అని అడగాలి. బడిలో వంద మందికి కట్టెల పొయ్యి మీద అన్నం వండే అమ్మ రోజుకు మూడు నాలుగు గంటలు పొగలోనే ఉంటుంది. పక్క గదిలో ఒకటో తరగతి పిల్లలు అదే పొగ పీలుస్తూ అక్షరాలు దిద్దుతారు. సన్నని పొగ కణాలు ఊపిరితిత్తుల లోపలి దాకా వెళతాయి. దగ్గు, పిల్లికూతలు, కళ్ల మంట మొదట వస్తాయి, ఏళ్లు గడిచాక ఊపిరితిత్తులు శాశ్వతంగా చెడిపోతాయి.

గ్యాస్ బండ ఇచ్చిన బడులలోనూ కట్టెలు కనబడతాయి. వంట చేసే అమ్మలను తప్పుపట్టి లాభం లేదు. బిల్లులు ఆలస్యమైతే బండకు డబ్బు వారి చేతి నుండే పెట్టాలి, కట్టెలు ఊరికే దొరుకుతాయి. బిల్లు సమయానికి వచ్చేలా కమిటీ అడగడమే దీనికి మందు. అంతవరకు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పొయ్యికి పొగ గొట్టం పెట్టించడం, తడి కట్టె వాడకపోవడం, పప్పును ముందే నానబెట్టడం, గిన్నె మీద మూత పెట్టడం. నానిన పప్పు త్వరగా ఉడుకుతుంది, కట్టె తగ్గుతుంది, పొగ తగ్గుతుంది.

పొయ్యి ముట్టించడానికి ప్లాస్టిక్ కవరు వేయడం మాత్రం పూర్తిగా మానాలి. చాలా చోట్ల చూశాము. ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి, అవి ఒంట్లో కొవ్వులో చేరి ఏళ్ల తరబడి ఉంటాయి. బడి ఆవరణలో సాయంత్రం చెత్త ఊడ్చి నిప్పు పెట్టే అలవాటు కూడా ఇంతే. ఆకులు వేరు, అన్నం మెతుకులు వేరు, ప్లాస్టిక్ వేరు చేస్తే సగానికి పైగా చెత్త ఎరువు గుంతకే పోతుంది. మిగిలిన పొడి చెత్తను పంచాయతీ ట్రాక్టరుకు ఇవ్వండి. 2019లో పల్లె ప్రగతి వచ్చినప్పుడు పంచాయతీలకు ట్రాక్టర్లు ఇచ్చినది ఇందుకే.

పళ్లేల సంగతి

అమెరికాలో సర్కారు బడులు “స్కూల్ డిస్ట్రిక్ట్” అనే స్థానిక బోర్డుల కింద ఉంటాయి. మన జిల్లా పరిషత్ హైస్కూళ్లు, మండల పరిషత్ ప్రాథమిక బడుల లాగా అనుకోండి. అక్కడ పిల్లలకు థర్మాకోల్ వంటి నురుగు పళ్లేలలో భోజనం పెట్టి రోజూ లక్షల పళ్లేలు పారేసేవారు. మట్టిలో కలిసిపోయే పళ్లెం ఖరీదు ఎక్కువ, ఒక్క బోర్డు కొనలేదు. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, షికాగో, మయామీ, డల్లాస్, ఓర్లాండో, ఈ ఆరు పెద్ద నగరాల బోర్డులు ఒక్కటై కలిసి కొనడంతో ధర దిగింది, 2015 నుండి నురుగు పళ్లేలు మానేశారు. మన పిల్లలు ఇంటి నుండి స్టీలు పళ్లెం తెచ్చుకొని, తిని, కడిగి సంచిలో పెట్టుకొని పోతారు. ఈ ఒక్క విషయంలో మన బీద బడి వారి కంటే ముందుంది, దీనికి మనం సిగ్గుపడనక్కరలేదు.

సిగ్గుపడవలసినది మన విందులకు. ఆగస్టు పదిహేను నాడు బడిలో, పండుగ నాడు గుడి దగ్గర, ప్రేమవిందు నాడు మన మందిరం దగ్గర ప్లాస్టిక్ గ్లాసుల గుట్టలు చూస్తాము. థర్మాకోల్, ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుండి దేశమంతా నిషేధం. సిద్దిపేట జిల్లాలో ఊళ్లలో “స్టీలు బ్యాంకులు” పెట్టారు. స్టీలు పళ్లేలు, గ్లాసులు మహిళా సంఘం దగ్గర ఉంటాయి, పెళ్లికో పేరంటానికో తీసుకుపోయి కడిగి తిరిగి ఇవ్వాలి. రెండు వందల పళ్లేల సెట్టు ఒకటి మన సంఘం కొని బడికి, ఊరికి ఇస్తే ఎలా ఉంటుందో పెద్దలు ఆలోచించాలి.

నీడ

మన దగ్గర మార్చి మధ్య నుండే ఒంటిపూట బడులు. రేకుల గదిలో, పలుచని స్లాబు గదిలో పదకొండు గంటలకే పిల్లలకు తలనొప్పి వస్తుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. కప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేయడమే ఇందులోని సంగతి. ఖరీదైన రంగే కానక్కరలేదు. స్లాబు మీద మంచి సున్నం రెండు పూతలు వేసినా లోపల రెండు మూడు డిగ్రీల వేడి తగ్గుతుంది. వానకు కొట్టుకుపోతుంది గనుక ఏటా ఫిబ్రవరిలో వేయాలి. ఊరి యువకులు ఒక్క శనివారం చేయగల పని ఇది.

కరెంటు గురించి రెండు మాటలే. 2024 నుండి ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత విద్యుత్తు ఇస్తున్నారు. ఉచితం గనుక ఖాళీ గదిలో ఫ్యాను తిరగాలని కాదు.

చెట్ల విషయంలో మాత్రం ఓపిక కావాలి. 2015లో హరితహారం మొదలైనప్పటి నుండి ప్రతి బడిలో ఎన్నోసార్లు మొక్కలు నాటారు. అదే గుంతలో మళ్లీ మళ్లీ నాటిన చోట్లు ఉన్నాయి. కారణం అందరికీ తెలుసు. ఏప్రిల్ చివర సెలవులు ఇస్తారు, జూన్ రెండో వారం దాకా బడికి తాళం. సరిగ్గా ఆ ఏడు వారాలే మొక్క చచ్చేది. 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటిన మొక్కలలో 85 శాతం బ్రతికించాలని రాశారు. చట్టం నీళ్లు పోయదు గదా.

దీనికి పాత ఉపాయం ఒకటి ఉంది. కుమ్మరి దగ్గర దొరికే ఐదు లీటర్ల పచ్చి మట్టి రంగు కుండ, లోపల వెలుపల నునుపు పూత లేనిది తీసుకోండి. అడుగున సన్నని రంధ్రం చేసి గుడ్డ వత్తి దూర్చండి. మొక్కకు జానెడు దూరంలో మెడ వరకు పాతి, నీళ్లు నింపి, మూకుడు మూత పెట్టండి. మూత మరువవద్దు, లేకపోతే మళ్లీ దోమల కథే. కుండ నీటిని చెమ్మగా వేళ్లకు అందిస్తుంది, వారానికి రెండుసార్లు నింపితే చాలు. చైనాలో రెండు వేల ఏళ్ల నాటి వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి రాసి ఉంది. పాదులో మన పల్లి పొట్టు నాలుగు వేళ్ల మందం పరిస్తే ఎండ నేరుగా తగలదు. వేరుశనగ పండే మన ప్రాంతంలో పొట్టుకు కొదువ లేదు.

ఏ చెట్టు నాటాలి? వేప, కానుగ, నేరేడు, చింత, ఉసిరి. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ వరుసలుగా నాటారు, తరువాత ప్రభుత్వమే వద్దన్నది. దాని పుప్పొడి ఉబ్బసం ఉన్నవారికి పడదన్న ఫిర్యాదులు వచ్చాయి. వేపలకు కొన్నేళ్ల క్రితం కొమ్మలు ఎండే తెగులు వచ్చి మోడులైనట్టు కనబడ్డాయి. చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. ఎండినదని తొందరపడి నరకవద్దు.

ఈ నెల అభ్యాసము

ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వారు “గ్రీన్ స్కూల్స్” పేరుతో ఒక పద్ధతి నడుపుతున్నారు. గాలి, విద్యుత్తు, ఆహారం, భూమి, నీరు, చెత్త, ఈ ఆరింటిలో పిల్లలే తమ బడిని తాము కొలుచుకుంటారు.  మనం దానిని ఇంకా చిన్నగా చేద్దాము.

మీ పిల్లవాడితో, లేదా మనవరాలితో ఒక శుక్రవారం బడికి వెళ్లండి. శుక్రవారమే ఎందుకంటే అది దోమల “డ్రై డే”. డెంగీ దోమ గుడ్డు నుండి ఎగిరే దోమ కావడానికి ఏడు నుండి పది రోజులు పడుతుంది. వారానికి ఒకసారి నీళ్లు పారబోస్తే అది పూర్తి కాదు. గుడ్లు మాత్రం ఎండిన గోడకు నెలల తరబడి అంటుకొని ఉంటాయి గనుక డ్రమ్ములు, తొట్లు పారబోయడమే కాక పీచుతో రుద్దాలి. హెడ్మాస్టరు గారిని ముందుగా అడిగి, తప్పులు వెతకడానికి కాక సాయం చేయడానికి వచ్చామని చెప్పి లోపలికి వెళ్లండి. చిన్నవాళ్ల కళ్లు మన కంటే కిందున్నవి చూస్తాయి, వాళ్లనే ముందు నడవనివ్వండి. ట్యాంకు మూత ఉందా, ఆడపిల్లల దొడ్డికి గడియ ఉందా, నల్లా దగ్గర సబ్బు ఉందా, పొయ్యికి గొట్టం ఉందా, కాల్చిన ప్లాస్టిక్ బూడిద కనబడుతున్నదా, పోయిన ఏడాది మొక్కలలో ఎన్ని బ్రతికాయి. ఒక కాగితం మీద రాసుకోండి.

ఆ కాగితంలో వంద రూపాయలలోపు అయ్యే పని ఏదో ఒకటి తప్పక ఉంటుంది. దానిని ఆ వారమే చేయించండి. పెద్దవి అమ్మ ఆదర్శ కమిటీ వద్దకు, పంచాయతీ కార్యదర్శి వద్దకు రాతపూర్వకంగా తీసుకుపోండి, నకలు మీ వద్ద ఉంచుకోండి. నీటిపై అనుమానం ఉంటే శుభ్రమైన లీటరు సీసాలో పట్టి, బడి పేరు, తేదీ రాసి మండల భగీరథ సిబ్బందికి ఇచ్చి పరీక్ష చేయమని అడగండి. పిల్లల పళ్లపై మచ్చలు, తరచు మూత్రపు మంట, వదలని దగ్గు ఉంటే మన ఓ.పి.కి తీసుకురండి, వచ్చేటప్పుడు ఆ కాగితం కూడా తెండి. డాక్టరు గారు మందుల చీటీ రాసే ముందు దానిని చూస్తారు.